తీర్పుకు ముందు ముప్ఫై ఏళ్లు: ‘ఓ.జె.: మేడ్ ఇన్ అమెరికా’ డాక్యుమెంటరీ సమీక్ష

1995 అక్టోబరు 2వ తేదీన లాస్ ఏంజెలెస్ క్రిమినల్ కోర్టు భవనంలో, ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ హత్య కేసులో తీర్పు చెప్పడానికి సామాన్య పౌరుల్లోంచి ఎంపికైన పన్నెండుమంది జ్యూరీ సభ్యులు చర్చకు కూర్చుని, నాలుగు గంటలైనా గడవకముందే నిర్ణయానికి వచ్చామని కబురు పంపారు. నెలల తరబడి సాగిన విచారణ అంత త్వరగా తేలుతుందని ఎవరూ అనుకోలేదు. న్యాయమూర్తి లాన్స్ ఇటో ఆ తీర్పును సీలు వేయించి, మర్నాడు ఉదయం పది గంటలకు కోర్టులో చదివిస్తామని ప్రకటించారు. టీవీ సంస్థలకు ఆ ఒక్క రాత్రి చాలింది. నల్లజాతీయులు గుమిగూడే చోట ఒక కెమెరా, తెల్లజాతీయులు గుమిగూడే చోట మరొక కెమెరా ముందుగానే సిద్ధమయ్యాయి. ‘నిర్దోషి’ అన్న మాట వినపడగానే ఒకచోట కేరింతలు, మరొకచోట కొయ్యబారిన ముఖాలు పక్కపక్కనే తెరమీదికి వచ్చాయి. హోవర్డ్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివే నల్లజాతి విద్యార్థులు సంతోషం పట్టలేక లేచి అరిచిన దృశ్యం ఆ తరవాత వేలసార్లు ప్రసారమై ఉంటుంది. ఓ.జె. సింప్సన్ కేసు అనగానే రక్తపు మరకల కన్నా, చేతితొడుగు కన్నా ముందు ఆ రెండు గుంపుల ముఖాలే చాలామందికి గుర్తుకు వస్తాయి.

ఆ ముఖాల వెనక ఉన్న ముప్ఫై ఏళ్లను ఓపికగా విప్పి చూపిన చిత్రం ‘ఓ.జె.: మేడ్ ఇన్ అమెరికా’. ఎజ్రా ఎడెల్మన్ దర్శకత్వంలో క్రీడా ఛానల్ ఈఎస్‌పీఎన్ నిర్మించిన ఈ డాక్యుమెంటరీ 2016 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో మొదటిసారి ప్రదర్శితమై, ఆ ఏడాది జూన్‌లో ఐదు భాగాలుగా టీవీలో వచ్చింది. మొత్తం నిడివి 467 నిమిషాలు. 2017లో ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ పొందినప్పుడు, ఆస్కార్ అందుకున్న చిత్రాలన్నింటిలోకీ ఇదే పొడవైనదయింది. ఆ వెంటనే అకాడమీ తన నిబంధన మార్చి, భాగాలుగా వచ్చే ధారావాహికలకు ఆ విభాగంలో చోటు లేకుండా చేసింది.

నేను ఇరవై రెండేళ్లపాటు జిల్లా కోర్టుల వార్తలు రాసినవాణ్ని. బంట్రోతు పిలుపులు, వాయిదాలు, సాక్షులు అడ్డం తిరగడాలు, సెషన్స్ జడ్జి తీర్పు చదువుతుంటే వెనక బల్లమీద కూర్చుని నోటుపుస్తకంలో గబగబా రాసుకోవడం నాకు అలవాటైన లోకం. కోర్టు గదిలోకి కెమెరా వస్తే న్యాయానికి ఏమవుతుందన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా పట్టుకుని ఉంది. అందుకే ఈ చిత్రాన్ని రెండుసార్లు చూశాను, రెండోసారి కాగితం, కలం దగ్గర పెట్టుకుని చూశాను. ఆ ప్రశ్నకు ఇందులో దొరికిన జవాబు నేను అనుకున్నది కాదు. కెమెరా ఉండటం వల్లనే ఆ విచారణ చెడిందని నేను నమ్మేవాణ్ని. కెమెరా ఆలస్యంగా వచ్చిందని ఇప్పుడు అనుకుంటున్నాను. అది హత్యలు జరిగిన 1994 జూన్ 12 రాత్రి నుంచి మాత్రమే చూడటం మొదలుపెట్టింది. అంతకు ముందు ఆ నగరంలో జరిగినదంతా ఎవరి ఇళ్లలో వాళ్లకు మాత్రమే తెలిసిన కథగా మిగిలిపోయింది కాబట్టే, ఒకరి కేరింతలు మరొకరికి క్రూరత్వంగా కనిపించాయి.

కేసు వివరాలు మరిచిపోయినవారి కోసం రెండు మాటలు చెప్పాలి. ఓరెంథాల్ జేమ్స్ సింప్సన్ శాన్‌ఫ్రాన్సిస్కోలో ప్రభుత్వం కట్టించిన పేదల ఇళ్ల సముదాయంలో పెరిగి, అమెరికన్ ఫుట్‌బాల్‌లో దేశమంతా కొలిచిన ఆటగాడయ్యాడు. 1973లో ఒకే సీజన్‌లో బంతితో రెండు వేల గజాలకు పైగా పరుగెత్తిన మొదటి ఆటగాడు అతనే. ఆట మానేశాక వ్యాపార ప్రకటనల్లో, సినిమాల్లో, టీవీ వ్యాఖ్యానంలో వెలిగాడు. 1994 జూన్ 12 రాత్రి అతని మాజీ భార్య నికోల్ బ్రౌన్ సింప్సన్, రెస్టారెంటులో పనిచేసే ఇరవై అయిదేళ్ల యువకుడు రోనాల్డ్ గోల్డ్‌మన్ ఆమె ఇంటి వాకిట కత్తిపోట్లకు బలయ్యారు. ఆమె తల్లి హోటల్లో మరిచిపోయిన కళ్లజోడు తిరిగి ఇవ్వడానికి వచ్చి ఆ యువకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. హతులిద్దరూ తెల్లజాతీయులు, ముద్దాయి నల్లజాతీయుడు.

చిత్రంలో ఈ హత్యల దగ్గరికి చేరడానికి మూడు గంటలు పడుతుంది. ఆ మూడు గంటలే ఈ చిత్రానికి ప్రాణమని నా అభిప్రాయం. మొదటి రెండు భాగాల్లో రెండు కథలు పక్కపక్కనే నడుస్తాయి. ఒకటి సింప్సన్ ఎదుగుదల, రెండోది లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖకూ అక్కడి నల్లజాతి పేటలకూ మధ్య నడిచిన చరిత్ర. 1965 ఆగస్టులో వాట్స్ పేట తగలబడి 34 మంది చనిపోయిన రెండేళ్లకు, ఆ పేటలకు దగ్గర్లోనే ఉన్న దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సింప్సన్ చేరాడు. లోపల తెల్లజాతి విద్యార్థులు అతని పేరు జపిస్తుంటే, గోడ అవతల అతని రంగువాళ్లే పోలీసు జీపులకు భయపడుతూ బతుకుతున్నారు. 1968లో నల్లజాతి క్రీడాకారులను ఒలింపిక్ నిరసనకు కూడగట్టిన సామాజికవేత్త హ్యారీ ఎడ్వర్డ్స్, సింప్సన్‌ను పిలిస్తే అతను ‘నేను నల్లవాణ్ని కాను, నేను ఓ.జె.ని’ అన్నాడని చిత్రంలో గుర్తు చేసుకుంటారు. ఇరవై ఏడేళ్ల తరవాత అదే మనిషిని నల్లజాతి మొత్తానికీ ప్రతినిధిగా కోర్టులో నిలబెట్టాల్సి వచ్చింది.

కార్లు అద్దెకిచ్చే హెర్ట్జ్ కంపెనీ ప్రకటన గురించిన భాగం నన్ను ఆపి మళ్లీ చూసేలా చేసింది. విమానాశ్రయంలో సూటు వేసుకుని సింప్సన్ పరుగెత్తే ఆ ప్రకటనలో అతణ్ని ఉత్సాహపరిచేవాళ్లంతా తెల్లజాతీయులే. నల్లజాతి మగవాడు పరుగెడితే అమెరికాలో చూసేవాళ్లకు కలిగే మొదటి ఆలోచన ఏమిటో ఆ ప్రకటన తీసినవాళ్లకు తెలుసు. చుట్టూ తెల్లవాళ్లను నిలబెట్టి ఆ భయాన్ని తుడిచేశారు. ఆ సంస్థకు అధిపతిగా పనిచేసిన వ్యక్తే ఈ చిత్రంలో కెమెరా ముందు కూర్చుని సింప్సన్ గురించి మాట్లాడతారు. ప్రసార మాధ్యమాలు ఒక మనిషి రంగును ఎలా చెరిపేయగలవో ఇక్కడ చూస్తాం. అదే రంగును ఎలా ముదురు చేయగలవో మూడో భాగంలో చూస్తాం. 1994 జూన్ 27 సంచికలో టైమ్ పత్రిక సింప్సన్ పోలీసు ఫొటోను మరింత నల్లబరచి ముఖచిత్రంగా వేసింది. అదే వారం న్యూస్‌వీక్ అదే ఫొటోను మార్పు లేకుండా వేయడంతో, రెండూ పత్రికల దుకాణాల్లో పక్కపక్కనే కనిపించి నిరసన చెలరేగింది.

పోలీసు శాఖ చరిత్రను దర్శకుడు పేర్లతో, తేదీలతో చెప్పించారు. 1979లో గ్యాస్ బిల్లు తగాదాలో యులా లవ్ అనే నల్లజాతి స్త్రీని ఇద్దరు పోలీసులు ఆమె ఇంటి ముందే కాల్చి చంపారు. 1988 ఆగస్టులో డాల్టన్ వీధిలో మత్తుపదార్థాల సోదా పేరుతో పదుల సంఖ్యలో పోలీసులు ఇళ్లలోకి చొరబడి గోడలు, బాత్రూముల వరకు పగలగొట్టారు. దొరికినది కొద్దిపాటి సరుకే. 1991 మార్చి 3న రాడ్నీ కింగ్‌ను రోడ్డుమీద లాఠీలతో కొట్టడాన్ని ఎదురింటి మేడమీద నుంచి ఒక పౌరుడు వీడియో తీశాడు. సరిగ్గా పదమూడు రోజుల తరవాత లటాషా హార్లిన్స్ అనే పదిహేనేళ్ల పిల్ల నారింజరసం సీసా దొంగిలిస్తోందన్న అనుమానంతో దుకాణదారు చేతిలో తుపాకి గుండుకు బలయింది. జ్యూరీ నేరం రుజువైందని చెప్పినా జడ్జి జైలు శిక్ష వేయకుండా ప్రొబేషన్‌తో వదిలిపెట్టారు. 1992 ఏప్రిల్ 29న, కింగ్‌ను కొట్టిన పోలీసులను సిమి వ్యాలీ అనే తెల్లజాతి శివారు పట్టణంలోని జ్యూరీ దాదాపు అన్ని అభియోగాల నుంచి విడిచిపెట్టింది. నగరం మండింది, యాభైమందికి పైగా చనిపోయారు. వీడియో సాక్ష్యం కళ్ల ముందున్నా శిక్ష పడకపోవడాన్ని చూసిన ఈ ఊరివాళ్లకు ‘సాక్ష్యం’ అన్న మాట మీద ఎంత నమ్మకం మిగిలి ఉంటుంది? సింప్సన్ విచారణకు జ్యూరీ సభ్యులను ఎంచుకున్నది ఆ తరవాత రెండున్నర ఏళ్లకే, అదే నగరంలో.

ఇక్కడ ఒక చిన్న సంగతి చిత్రం చెబుతుంది, అది విలేఖరిగా నాకు మరీ పట్టింది. 1992 అల్లర్లలో ఫ్లోరెన్స్, నార్మండీ వీధుల కూడలిలో ఒక తెల్లజాతి లారీ డ్రైవరును కింద పడేసి కొడుతుంటే హెలికాప్టర్ నుంచి ప్రత్యక్షంగా చూపించిన వార్తా బృందమే, 1994 జూన్ 17న సింప్సన్ పారిపోతున్న తెల్ల బ్రాంకో కారును మొదట కనిపెట్టింది. ఆ సాయంత్రం దాదాపు 9.5 కోట్ల మంది ఆ కారును చూశారు. బాస్కెట్‌బాల్ ఫైనల్ ప్రసారం చేస్తున్న ఎన్‌బీసీ ఆటను తెర మూలకు నెట్టి కారును చూపించింది. వంతెనల మీద జనం నిలబడి చేతులు ఊపారు. అది వార్తా, ఆటా, ఊరేగింపా అన్న తేడా ఆ సాయంత్రంతో పోయింది.

ఆ హడావుడి విచారణలోకి ఎలా చొచ్చుకు వచ్చిందో మామూలుగా ఎవరూ చెప్పరు గనుక కొంచెం వివరంగా రాస్తాను. నికోల్ పోలీసులకు చేసిన అత్యవసర ఫోన్ కాల్ రికార్డులు మీడియాకు విడుదలై ఛానళ్లలో మోగాయి. సభ్యులు ఆ ప్రచారానికి లోనై ఉంటారన్న కారణంతో, అభియోగం మోపాలా వద్దా అని కేసు పరిశీలిస్తున్న పౌరుల బృందం గ్రాండ్ జ్యూరీని జూన్ 24న రద్దు చేయవలసి వచ్చింది. హత్య జరిగిన రాత్రి సింప్సన్ కారును చూశానన్న ఒక సాక్షి తన కథను టీవీ కార్యక్రమానికి అమ్ముకోవడంతో ప్రాసిక్యూషన్ ఆ సాక్షిని వదులుకుంది. కత్తి అమ్మానన్న దుకాణ ఉద్యోగి తన కథను ఒక పత్రికకు అమ్ముకోవడంతో అతని విషయంలోనూ అదే జరిగింది. మన కోర్టుల్లో సాక్షులు అడ్డం తిరగడానికి భయమో, రాజీయో కారణమవుతుంది. అక్కడ డబ్బుకు కథలు కొనే ఛానళ్లు, పత్రికలు సాక్షులను పనికిరాకుండా చేశాయి.

నా మట్టుకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. దేశం చూసిన విచారణా, జ్యూరీ చూసిన విచారణా ఒకటి కావు. కారు వెంటాడిన దృశ్యాన్ని, అందులో దొరికిన పాస్‌పోర్టును, డబ్బును, మారువేషపు సామగ్రిని ప్రాసిక్యూషన్ జ్యూరీ ముందు సాక్ష్యంగా పెట్టనే లేదు. ఇంకోవైపు, సింప్సన్ ఇంటి ఆవరణలో రక్తపు చేతితొడుగు దొరికిందని చెప్పిన డిటెక్టివ్ మార్క్ ఫర్మన్, గత పదేళ్లలో నల్లజాతీయులను కించపరిచే ఆ నీచమైన పదం వాడలేదని ప్రమాణం చేసి చెప్పాక, ఒక స్క్రీన్‌ప్లే రచయిత్రితో మాట్లాడిన టేపులు బయటపడ్డాయి. వాటిలో అతను ఆ పదాన్ని పదే పదే వాడాడు, పోలీసు దౌర్జన్యాల గురించి గొప్పలు చెప్పుకున్నాడు. ఆ టేపులు జ్యూరీ లేనప్పుడు కోర్టులో వినిపిస్తే దేశమంతా ప్రత్యక్షంగా విన్నది. జ్యూరీకి మాత్రం రెండు చిన్న భాగాలే అందాయి. ఆ తరవాతి సంవత్సరం ఫర్మన్ ప్రమాణభంగం అభియోగాన్ని ఎదిరించకుండా శిక్ష ఒప్పుకున్నాడు. హోటల్లో నిర్బంధంగా 265 రోజులు ఉంచిన పన్నెండుమంది ఒక ఫైలు చదివి తీర్పు చెప్పారు, బయట కోట్లాదిమంది అంతకన్నా పెద్దదీ, వేరైనదీ అయిన మరో ఫైలు చదివి తమ తీర్పు చెప్పుకున్నారు. ఈ రెంటినీ పోల్చి, ఒకరు మూర్ఖులని మరొకరు తిట్టుకోవడమే తరవాతి ఇరవై ఏళ్ల చర్చ అయింది. చిత్రం ఈ తేడాను నేరుగా నొక్కి చెప్పదు, కానీ గుర్తించడానికి కావలసిన వివరాలన్నీ అందులో ఉన్నాయి.

డిఫెన్స్ న్యాయవాదుల వ్యూహం గురించి నాలుగో భాగం చెప్పేది వింటే వకీళ్లతో ఏళ్ల తరబడి తిరిగిన నాకే ఒళ్లు జలదరించింది. జ్యూరీ సభ్యులు సింప్సన్ ఇల్లు చూడటానికి వచ్చే ముందు, తెల్లజాతి స్నేహితులతో దిగిన ఫొటోలను గోడలమీద నుంచి తీసేసి, నల్లజాతి కుటుంబ సభ్యుల ఫొటోలు తగిలించామని, పాఠశాలకు వెళుతున్న నల్లజాతి బాలిక బొమ్మ ఒకటి తెచ్చి పెట్టామని జూనియర్ న్యాయవాది కార్ల్ డగ్లస్ తానే ఒప్పుకుంటారు. ఆయన ముఖంలో సంకోచం లేదు, కొంత గర్వం ఉంది. ఇదే జట్టులో ముఖ్య న్యాయవాది జానీ కాక్రన్ అంతకు ముందు ఎన్నో ఏళ్లు పోలీసు దౌర్జన్య బాధితుల తరఫున నిజాయితీగా పోరాడినవారు. చిత్రం ఆయనను ఒకవైపే చూపించి తీసిపారేయదు. జాతి వివక్ష మీద ఆయన చేసిన వాదనలో నిజం ఉంది, ఆ నిజాన్ని అర్హత లేని ముద్దాయి కోసం వాడారన్న బాధా ఉంది. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయని చూపించగలగడం దర్శకుడి సత్తా.

తుది జ్యూరీలో తొమ్మిదిమంది నల్లజాతీయులు, ఇద్దరు తెల్లజాతీయులు, ఒకరు స్పానిష్ భాషా మూలాలున్న హిస్పానిక్ వర్గానికి చెందినవారు. పన్నెండుమందిలో పదిమంది స్త్రీలు. వారిలో ఒక పెద్దావిడ ఈ చిత్రంలో, జ్యూరీలో తొంభై శాతం మంది రాడ్నీ కింగ్‌కు బదులు తీర్చుకోవడానికే అలా ఓటు వేశారని చెబుతుంది. మరొక సభ్యురాలు అలాంటిదేమీ లేదని, సాక్ష్యాన్ని బట్టే నిర్ణయించామని అంటుంది. తీర్పు చదివాక ఒక సభ్యుడు పిడికిలి ఎత్తిన దృశ్యాన్ని కూడా చూపించారు. ఈ ముగ్గురిలో ఎవరి మాట జ్యూరీ మాట? అమెరికన్ పద్ధతిలో దానికి జవాబు ఉండదు, ఎందుకంటే జ్యూరీ కారణాలు రాయదు. మన సెషన్స్ కోర్టులో జడ్జి ఏ సాక్షిని ఎందుకు నమ్మారో, ఎందుకు నమ్మలేదో తీర్పులో రాసి తీరాలి. అది ఎంత పేలవంగా ఉన్నా చదివి విభేదించడానికి ఒక కాగితం ఉంటుంది. సింప్సన్ కేసులో కాగితం ఉండవలసిన చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీని ప్రతి ఛానలూ తనకు తోచిన రంగుతో నింపింది.

మన దేశంలోనూ ఒకప్పుడు ఇలాంటిదే జరిగింది. 1959లో నౌకాదళ అధికారి నానావతి, ప్రేమ్ ఆహూజాను కాల్చి చంపిన కేసులో బొంబాయి జ్యూరీ ఎనిమిది ఒకటి తేడాతో అతణ్ని నిర్దోషి అంది. బ్లిట్జ్ వారపత్రిక అతని తరఫున బాహాటంగా ప్రచారం చేసింది, పార్సీలు ఒకవైపు, సింధీలు మరొకవైపు నిలబడ్డారు. హైకోర్టు, ఆ తరవాత సుప్రీంకోర్టు అతణ్ని దోషిగానే తేల్చినా, చివరకు 1964లో క్షమాభిక్ష దక్కింది. క్రిమినల్ కేసుల్లో జ్యూరీ పద్ధతి 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో మన దేశంలో పోయింది. పత్రికల ప్రచారం, కుల మత వర్గాల పంతం మాత్రం పోలేదు.

నికోల్ మీద జరిగిన హింసను చిత్రం దాచలేదు. 1989 జనవరి ఒకటిన ఆమె ముఖం మీద పడిన దెబ్బల ఫొటోలు, పోలీసులను చూసి ఆమె పొదల్లోంచి పరుగెత్తుకు వచ్చిన వివరం, 1993 అక్టోబరులో ఆమె ఫోనులో వణుకుతున్న గొంతు, ఇవన్నీ ఉన్నాయి. నల్లజాతి పేటల్లో లాఠీలు విరగ్గొట్టిన పోలీసు శాఖే ఈ ఒక్క నల్లజాతి మనిషి ఇంటికి ఆటోగ్రాఫుల కోసం వెళ్లేది, ఈత కొలనులో సేద తీరేది, భార్య ఫిర్యాదు చేస్తే సర్దిచెప్పి వెళ్లిపోయేది. ఆ ఒక్క విషయంతో జాతి సమస్యా, ఆడదాని మీద హింసా ఒకే చోట ముడిపడతాయి. అయినా తీర్పు ఘట్టం దగ్గరికి వచ్చేసరికి ఆమె కథ వెనక్కి జరిగిపోతుంది. 1995లో నిజంగానే అలా జరిగిందని దర్శకుడు అనవచ్చు. నాకు మాత్రం అది లోపంగానే తోచింది.

ఇంకొన్ని లోపాలు కూడా ఉన్నాయి. రోనాల్డ్ గోల్డ్‌మన్ గురించి తండ్రి ఫ్రెడ్ గోల్డ్‌మన్ కన్నీళ్ల ద్వారా తప్ప పెద్దగా ఏమీ తెలియదు. ప్రాసిక్యూషన్‌లో నల్లజాతి న్యాయవాది క్రిస్టఫర్ డార్డెన్ చిత్రంలో మాట్లాడలేదు. సొంత వర్గం నుంచి ద్రోహి అన్న నింద మోసిన మనిషి గొంతు లేకపోవడం ఐదు భాగాల్లోనూ వెలితిగా ఉంటుంది. నేరస్థలం ఫొటోలను మసక చేయకుండా ఎక్కువసేపు చూపించారు. వాటిని చూపించడం అవసరమేమో గానీ, అంతసేపు అవసరం లేదు. ఐదో భాగంలో, సింప్సన్ తరవాతి కాలంలో లాస్ వేగాస్‌లో చేసిన దోపిడీ కథ సాగదీసినట్టు ఉంది. అందులో నిలిచే విషయం ఒక్కటే: 2008 అక్టోబరు 3న, నిర్దోషి తీర్పు వచ్చి సరిగ్గా పదమూడేళ్లు నిండిన రోజున, అతణ్ని ఆ దోపిడీలో దోషిగా తేల్చి, తరవాత 33 ఏళ్ల వరకు శిక్ష వేశారు. 2017లో పెరోల్ మీద బయటికి వచ్చిన సింప్సన్ 2024 ఏప్రిల్ 10న క్యాన్సర్‌తో చనిపోయాడు. చిత్రం అప్పటికి ఎనిమిదేళ్ల కిందటిది గనుక అది ఇందులో లేదు.

సివిల్ కేసును చిత్రం తొందరగా దాటేసిందని నా ఫిర్యాదు. హతుల కుటుంబాలు వేసిన ఆ దావా శాంటా మోనికాలో, ఎక్కువమంది తెల్లజాతీయులున్న జ్యూరీ ముందు, జడ్జి కెమెరాలను పూర్తిగా నిషేధించాక జరిగింది. 1997 ఫిబ్రవరిలో సింప్సన్‌ను బాధ్యుడిగా తేల్చి మొత్తం 3.35 కోట్ల డాలర్లు చెల్లించాలని చెప్పారు. సివిల్ కేసుకు అంత గట్టి రుజువు అక్కర్లేదు, ముద్దాయి స్వయంగా సాక్ష్యం చెప్పవలసి వచ్చింది, అతనికి వ్యతిరేకంగా కొత్త ఫొటోలు దొరికాయి. కాబట్టి తేడా అంతా జాతి వల్ల, కెమెరా వల్ల వచ్చిందని అనలేం. అయినా అదే మనిషి, అవే హత్యలు, కెమెరా ఉన్న విచారణ ఒకటి, లేని విచారణ ఒకటి ఉన్నప్పుడు ఆ పోలికను మరో అరగంట పరిశీలించి ఉంటే, కోర్టుల్లో కెమెరా గురించి ఆలోచించే ప్రతి దేశానికీ అది ఉపయోగపడేది. మన సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు నుంచి రాజ్యాంగ ధర్మాసనం విచారణలను ప్రత్యక్షంగా చూపిస్తోంది, కొన్ని హైకోర్టులూ చూపిస్తున్నాయి. అక్కడ వాదించేది న్యాయవాదులు మాత్రమే. సాక్షి బోనెక్కి ఏడ్చే ట్రయల్ కోర్టులోకి కెమెరా రావాలా అన్నది వేరే ప్రశ్న. ఈ చిత్రం చూశాక నేను దానికి వద్దనే అంటాను.

మరొక మాట కూడా చెప్పాలి. ఈ చిత్రం నిర్మించినది ఒక టీవీ సంస్థే. దాని సోదర సంస్థ ఏబీసీలో సింప్సన్ 1980లలో ఫుట్‌బాల్ వ్యాఖ్యాతగా జీతం తీసుకున్నాడు. సింప్సన్‌ను తయారు చేసిన పరిశ్రమ గురించి అదే పరిశ్రమ తీసిన చిత్రం కనుక, వార్తా ఛానళ్లు ఆ ఏడాది ఎంత లాభపడ్డాయన్న ప్రశ్న దగ్గర అది మెత్తబడుతుంది. పోలీసులను, న్యాయవాదులను, జ్యూరీని ప్రశ్నించినంత సూటిగా ఛానళ్ల అధిపతులను కూర్చోబెట్టి ప్రశ్నించలేదు.

చూడదలచినవారికి కొన్ని వివరాలు. నేను చూసిన ప్రతిలో ఇంగ్లీషు ఉపశీర్షికలు మాత్రమే ఉన్నాయి. కోర్టు భాష, ఫుట్‌బాల్ పరిభాష కలిసి వస్తాయి కనుక ఉపశీర్షికలు పెట్టుకునే చూడటం మంచిది. నల్లజాతీయులను కించపరిచే ఆ పదం, నేరస్థలం ఫొటోలు ఉన్నందువల్ల పిల్లల ముందు వద్దు. జర్నలిజం, న్యాయశాస్త్రం చదువుతున్న పిల్లలకు, ముఖ్యంగా అమెరికాలో స్థిరపడి అక్కడి జ్యూరీ విధి కాగితం అందుకోబోయే మన తెలుగువాళ్లకు, నేను ఐదుకు నాలుగున్నర నక్షత్రాలు ఇచ్చి మరీ సిఫారసు చేస్తాను. ఒక్క రోజులో పూర్తి చేయాలని చూడకండి. రోజుకొక భాగం చొప్పున ఐదు రోజులు తీసుకోండి. హత్యలు, విచారణ మూడో భాగంలో గాని రావని తెలిసి చాలామంది నేరుగా అక్కడికి దూకుతున్నారు. నా దగ్గరికి వచ్చి పోయే కుర్ర విలేఖరులూ అదే చేశారు. అలా చూస్తే 1995 నాటి ప్రేక్షకులు చూసినదే మళ్లీ చూసినట్టవుతుంది. మొదటి రెండు భాగాలు పూర్తి చేశాకే మూడోది పెట్టండి.